పరిష్కారమైపోయిందని మీరు రాసుకున్న నా ఫిర్యాదు గురించి

పర్లాకిమిడి,
గజపతి జిల్లా, ఒడిశా.

కస్టమర్ కేర్ విభాగం పెద్దలకు,

విషయం: '5.1 స్పీకర్ల మరమ్మతు' అని రాద్దామనుకున్నాను. ఇప్పుడు విషయం అది కాదు. నాలుగు నెలలుగా మీరు నన్ను తిప్పుతున్న తిప్పుడు.

అయ్యా,

మొన్న గురువారం సాయంత్రం మీ దగ్గర్నుంచి నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. నా ఫిర్యాదు పరిష్కారమైందట, నేను సంతృప్తి చెందానట. ఆ టైముకి నేను మీ స్పీకర్ పెట్టెను ఒళ్లో పెట్టుకుని సరిహద్దు అవతల ఆంధ్రాలో ఉన్న పాతపట్నం నుంచి షేర్ ఆటోలో ఇంటికి వస్తున్నాను. పెట్టె పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది. నా సంతృప్తిని ఎవరు కొలిచారో, ఏ మీటరుతో కొలిచారో నాకు తెలియాలి.

చెడిపోయింది చిన్నది. మీ 5.1 సెట్టంటే ముందు రెండు, మధ్య ఒకటి, వెనక రెండు స్పీకర్లు, బరువు శబ్దాలకి ఒక వూఫరు, వీటన్నిటికీ శబ్దం పంపే పెట్టె. పోయిన దసరాకి శ్రీకాకుళంలో మీ డీలర్ దగ్గరే కొన్నాను, బిల్లు ఉంది. ఆయుధపూజ నాడు దానికి పసుపూ కుంకుమా కూడా పెట్టాం. ఫిబ్రవరిలో వెనక స్పీకర్లు రెండూ మూగబోయాయి. వస్తువన్నాక చెడిపోతుంది. నాది జిరాక్స్ షాపు, మిషన్లు అలగడం నాకు రోజూ ఉన్నదే, దానికి కోపం తెచ్చుకోను.

పైగా మీకు ఫోన్ చేసే ముందే నేను చూడాల్సినవి చూశాను. కంప్యూటర్ వెనక ఆకుపచ్చ పిన్ను ఆకుపచ్చ దాంట్లో, నల్లది నల్లదాంట్లో, నారింజది నారింజదాంట్లోనే ఉన్నాయి. విండోస్ సౌండ్ సెట్టింగుల్లో 5.1 పెట్టి టెస్ట్ నొక్కితే ముందువి రెండూ, మధ్యదీ, వూఫరూ పలికాయి, వెనకవి పలకలేదు. వాటి వైర్లు తీసి ముందు స్పీకర్ల చోట గుచ్చితే బ్రహ్మాండంగా పలికాయి. కంప్యూటర్లో వెనక స్పీకర్లకి శబ్దం పంపే నల్ల సాకెట్ నుంచి వచ్చే వైరును పెట్టెకి ముందు స్పీకర్ల ఇన్‌పుట్‌లో పెడితే అదీ పలికింది. అంటే స్పీకర్లు బాగున్నాయి, కంప్యూటర్ బాగుంది, పోయింది పెట్టె లోపలే. ఈ నాలుగు ముక్కలూ మీవాళ్లకి 11 సార్లు చెప్పాను. 11 సార్లూ అవతల మనిషి కొత్త, నేను మొదటికి.

మొదటిసారి తెలుగు లైనుకి చేశాను. పిన్ కోడ్ అడిగారు, చెప్పాను. "మీది ఒడిశా చూపిస్తోంది సార్, ఒడియా లైనుకి చేయండి" అన్నారు. చేశాను. నాకు ఒడియా రాక కాదు, నా షాపులో సగం బేరం ఆ భాషలోనే. రెండు నిమిషాలు మాట్లాడాక ఆ అబ్బాయి నా యాస పట్టేసి, మీరు తెలుగువాళ్లా అని ఎంతో ప్రేమగా అడిగి, "అయితే తెలుగు లైనుకి కలుపుతాను" అన్నాడు. కలిపాడు. 19 నిమిషాలు ఏదో వాయిద్యం వినిపించారు. మీ కంపెనీ నుంచి ఈ నాలుగు నెలల్లో నాకు సరిగ్గా వినిపించింది అదొక్కటే. చివరికి తెలుగు లైన్లో మళ్లీ పిన్ కోడ్ అడిగారు.

ఇంకోసారి పిన్ కోడ్ కాకుండా ఊరి పేరు చెప్పాను. పర్లాకిమిడి అంటే "అలాంటి ఊరు సిస్టమ్‌లో లేదు సార్" అంది ఒకావిడ. పరలఖెముండి అని చూడమ్మా అంటే దొరికింది. "మరి తెలుగెలా మాట్లాడుతున్నారు?" అని అడిగింది. అమ్మా, వాడుక తెలుగు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు మేష్టరుగా పనిచేసింది ఈ ఊళ్లోనే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న మీ కంపెనీ కూడా తెలుగు భాషా దినోత్సవ శుభాకాంక్షలని మెసేజ్ పంపింది, నా ఫోన్లో ఇంకా ఉంది. ఆయన ఊరివాడికి మీ తెలుగు లైన్లో చోటు లేదు.

మీవాళ్ల వైద్యాలు కూడా వినండి. ఒకాయన రిమోట్‌లో బ్యాటరీ మార్చమన్నాడు. రిమోట్ పనిచేస్తోందండీ అంటే, అయినా మార్చి చూడమన్నాడు. ఇంకొకాయన విండోస్ మొత్తం ఫార్మాట్ కొట్టమన్నాడు. పదేళ్ల పెళ్లికార్డుల డిజైన్లు అందులో ఉన్నాయి, ఆయన మాట విని ఉంటే నా బతుకు రోడ్డు మీద పడేది. మూడో ఆయన అందరికంటే ఘనుడు. "నల్ల పిన్నూ నారింజ పిన్నూ తీసేసి ఆకుపచ్చది ఒక్కటే ఉంచండి సార్, ఇక ఏ సమస్యా ఉండదు" అన్నాడు. నిజమే, స్టీరియో మాత్రమే, అంటే ముందు రెండు స్పీకర్ల శబ్దమే వస్తుంది, వెనక స్పీకర్ల ఊసే ఉండదు. తలనొప్పికి తల తీసేయడమంటే ఇదే.

ఒక్క అమ్మాయి మాత్రం, మార్చిలో అనుకుంటా, నేను చెప్పింది మొత్తం విని, "పాత సినిమాలైతే వెనకవి పలకకపోవచ్చు అంకుల్, కానీ టెస్ట్‌లో కూడా రావడం లేదంటే పెట్టె లోపల శబ్దాన్ని పెంచే ఆంప్లిఫయర్ బోర్డే పోయుంటుంది" అంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. లైన్ కట్ అయింది. మళ్లీ చేస్తే ఆ అమ్మాయి దొరకలేదు, పేరు అడగడం మర్చిపోయాను. ఈ లేఖ చూసి ఆమెను మాత్రం ఏమీ అనకండి.

ఇక సర్వీస్ సెంటర్లు. పెట్టె మోసుకుని బరంపురం వెళ్లాను, ఒక రోజు షాపు మూత. బిల్లు ఆంధ్రాది కాబట్టి శ్రీకాకుళం వెళ్లమన్నారు. శ్రీకాకుళం వెళ్తే, ఇంకో రోజు మూత, వారంటీ రిజిస్టర్ చేసిన అడ్రస్ ఒడిశాది కాబట్టి బరంపురం వెళ్లమన్నారు. ఇద్దరికీ ఫోన్ కలిపి మీరూ మీరూ మాట్లాడుకోండి బాబూ అంటే ఇద్దరూ పెట్టేశారు. ఒడిశా రాష్ట్రం ఏర్పడింది 1936 ఏప్రిల్ 1న. మా ఊరు ఇటు వచ్చింది, పాతపట్నం అటు ఉండిపోయింది. మాకు ఆ గీతతో ఏ పేచీ లేదు. అటు పిల్లనిస్తాం, ఇటు కోడలిని తెచ్చుకుంటాం, కూరగాయలకి అటూ ఇటూ తిరుగుతాం. ఇన్నేళ్లలో ఆ గీత దాటలేకపోయింది మీ కంపెనీ ఒక్కటే.

మొన్న గురువారం జరిగింది రాస్తే మీకు నవ్వు రావచ్చు. శ్రీకాకుళం నుంచి టెక్నీషియన్ వస్తున్నాడని ఫోన్. మా ఆవిడ పకోడీలకి ఉల్లిపాయలు కూడా తరిగింది. తీరా అతను పాతపట్నంలో ఆగిపోయి, "బోర్డర్ దాటితే నాకు బిల్లు పాస్ అవ్వదండీ, పెట్టె పట్టుకుని ఇక్కడికి రండి" అన్నాడు. మా ఇంటి నుంచి ఆటోలో కాసేపటి దారి. మండుటెండలో పెట్టె మోసుకెళ్లాను. టీ కొట్టాయన "ఏటి బాబూ, అమ్మకానికేటి?" అని అడిగాడు. పాపం ఆయనే బల్ల ఖాళీ చేసి, ప్లగ్ పాయింట్ ఇచ్చాడు. మీ మనిషి పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసి, "మరి కంప్యూటర్ ఏదండీ? కంప్యూటర్ లేకుండా ఎలా చెక్ చేస్తాం?" అన్నాడు. పెట్టె పట్టుకు రమ్మంటే పెట్టె తెచ్చాను. కంప్యూటర్ కూడా తెమ్మంటే మంచమూ బీరువా కూడా సర్దుకొచ్చేవాణ్ణి. అతను నంబరు ఫొటో తీసుకుని, ఇప్పించిన టీ తాగి, బస్సెక్కాడు. నేను ఇంటికి చేరేలోగా మీ మెసేజ్.

నా పెళ్లికి మా మామగారు పెట్టిన టేప్ రికార్డర్ మీదే. మా టీవీ మీదే. నా మాట నమ్మి మీ సరుకు కొన్నవాళ్లు మా వీధిలోనే ఆరుగురు. ఇప్పుడు వాళ్లు షాపుకొచ్చి "వెనకవి పలికాయా?" అని అడుగుతుంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలి?

మీరు బోర్డు మారుస్తారో, పెట్టె మారుస్తారో, డబ్బు తిరిగిస్తారో మీ ఇష్టం, అది పెద్ద విషయం కాదు. ముందు ఎవరైనా ఒక మనిషి, సొంత పేరు చెప్పి, నాకు ఫోన్ చేసి, జరిగింది తప్పని ఒప్పుకోవాలి. ఆ 'సంతృప్తి' మెసేజ్‌ని వెనక్కి తీసుకుంటూ కాగితం మీద రాసివ్వాలి. 15 రోజులు చూస్తాను. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేస్తాను. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం నేను ఉంటున్న చోటే కేసు వేయవచ్చు, 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు కూడా లేదు. అప్పుడు బరంపురమా శ్రీకాకుళమా అన్న వాదన ఉండదు, మీరే మా ఊరు రావాలి. సిస్టమ్‌లో లేని ఊరు ఎలా ఉంటుందో చూద్దురుగాని.

ఇంకో మాట. నాది జిరాక్స్ షాపని పైన రాశాను. ఈ లేఖను తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి తయారుచేసి షాపు తలుపు మీద అంటిస్తాను. అడిగినవాళ్లకి కాపీ ఉచితం.

ఇట్లు,
మీ పాత కస్టమర్

తా.క. జవాబు పోస్టులో పంపేటట్టయితే కవరు మీద పర్లాకిమిడి అని రాసినా చేరుతుంది, పరలఖెముండి అని రాసినా చేరుతుంది. మా పోస్ట్‌మాన్‌కి రెండూ తెలుసు.