చెవి వెనక గీత గురించి, నీకు

ఏమే,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటోలు పెద్దవి చేసి మరీ చూశాను. రెండు ముక్కల్లో జవాబిస్తే నీ టెన్షన్ తగ్గదని తెలుసు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. ముందు అసలు మాట చెప్పేస్తాను. ముఖం చర్మం బిగించే ఫేస్‌లిఫ్ట్ ఆపరేషనైన ఆరు వారాలకు చెవి వెనక ఆ కోత గీత ఎర్రగా, కాస్త గట్టిగా, దురదగా ఉంటే మచ్చ చెడిపోయిందని కాదు. మూడో నెల దాకా అది ఇంకొంచెం ఎర్రబడినా కంగారు పడకు. సర్జికల్ వార్డులో పని చేసినన్నాళ్లూ చూశాను, సరిగ్గా ఈ రోజుల్లోనే అందరూ అద్దం పట్టుకుని ఏడుస్తారు.

కుట్లు విప్పేనాటికి చర్మం పైపైనే అతుక్కుని ఉంటుంది. లోపల కొలాజెన్ అనే పీచు పోగవుతూ, విడిపోతూ, మళ్లీ సర్దుకుంటూ ఉంటుంది. మూడు వారాలకు కూడా ఆ చోట మామూలు చర్మానికుండే బలంలో మూడో వంతు రాదు. ఎన్నేళ్లయినా 80 శాతం దాటదు. ఎరుపు తగ్గి, మెత్తబడి, చర్మం రంగులో కలవడానికి ఏడాది, ఒక్కోసారి ఏడాదిన్నర పడుతుంది. ఇప్పుడే తీర్పు చెప్పేసుకోకు తల్లీ.

చెవి ముందు గీత సన్నగా మానింది, వెనకదే ఎందుకిలా అని అడిగావు. కోత కణత దగ్గర జుట్టులో మొదలై, చెవి ముందు మడత వెంబడి దిగి, తమ్మె కింద తిరిగి, చెవి వెనక మడతలో పైకెళ్లి, మెడ వైపు జుట్టులో కలుస్తుంది. బుగ్గ మీద నుంచి లేపిన చర్మానికి చెవి వెనక భాగమే చిట్టచివరి కొస. చెరువు కింద ఆఖరి మడికి నీళ్లు ఆలస్యంగా చేరినట్టు, రక్తం అక్కడికి తక్కువగా, ఆలస్యంగా చేరుతుంది. పైగా లాగుడు కూడా అక్కడే ఎక్కువ. అందుకే నీకు అక్కడ పొక్కు కట్టి రాలడం ఆలస్యమైంది. సిగరెట్ తాగేవాళ్లకైతే ఆ చోట చర్మం నల్లబడి చచ్చిపోయే ప్రమాదం చాలా ఎక్కువ. మీ ఆయన వరండాలో కాల్చినా ఇంట్లోకి పొగ వస్తుంది కదా, కొన్నాళ్లు గేటు బయటికి పంపు. నీ షుగర్ కూడా అదుపులో పెట్టుకో, గాయం మానడానికి అది చాలా ముఖ్యం.

నీ సర్జన్ పని నాకు నచ్చింది. చర్మం కింద స్మాస్ అనే పొర ఒకటుంటుంది. 1976లో మిట్జ్, పేరోనీ అనే ఇద్దరు ఫ్రెంచి డాక్టర్లు దాన్ని వివరించాక, బిగింపంతా ఆ పొరకిచ్చి, పై చర్మాన్ని వదులుగా కుట్టే పద్ధతి బలపడింది. చర్మాన్నే బిగించి కుడితే మచ్చ వెడల్పవుతుంది, చెవి తమ్మె బుగ్గకు అతుక్కుని కిందికి సాగుతుంది. ఫొటోలో నీ తమ్మె గుండ్రంగా, విడిగా ఉంది. అది చూశాకే నా ప్రాణం కుదుటపడింది.

తమ్మెకు స్పర్శ లేదన్నావు. మెడ పక్కనుంచి చెవికి వచ్చే నరం, దాని చిన్న కొమ్మలు కదిలినందువల్ల అది చాలామందికి వస్తుంది, నెలల మీద మెల్లగా తగ్గుతుంది. ఒక్కటి మాత్రం గుర్తుంచుకో, తిమ్మిరి ఉన్న చోట వేడి తెలియదు. తలస్నానం చేసి సాంబ్రాణి పొగ పట్టేటప్పుడూ, హెయిర్ డ్రయ్యర్ వాడేటప్పుడూ చెవి కాలినా నీకు తెలియదు. డాక్టర్ సరేననేదాకా తలకు రంగు కూడా వద్దు.

నీ భయం కెలాయిడ్ గురించే కదా. మన రంగు చర్మాలకు ఆ గుణం ఎక్కువే, చెవులు కుట్టించుకున్న చోట గడ్డలా పెరిగినవాళ్లను మన ఊళ్లలోనే చూశాం. కానీ నీకు చిన్నప్పటి చెవి రంధ్రాలు చక్కగా మానాయి, అది మంచి గుర్తే. తేడా ఇలా చూసుకో. కోత గీతలోనే ఉబ్బి ఉంటే అది మామూలు ఉబ్బు మచ్చ, చాలాసార్లు తనంతట తనే తగ్గుతుంది. గీత దాటి పక్క చర్మం మీదికి పాకుతుంటే కెలాయిడ్. అలా కనిపిస్తే ఆలస్యం చేయకుండా చూపించు, ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ మచ్చలోకి విడతలు విడతలుగా ఇస్తారు. ఇప్పటికైతే గాయం పూర్తిగా మూసుకుందని డాక్టర్ చెప్పాక, సిలికాన్ జెల్ గానీ షీటు గానీ రెండు మూడు నెలలు రోజూ వాడటం మంచిదే. ముందువైపు గీతకు ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ రాయి. చిత్తూరు ఎండకు కొత్త మచ్చ గోధుమరంగుకు తిరిగిందంటే ఆ మరక పోవడం కష్టం. పసుపు, నిమ్మరసం, మీ అత్తగారు చెప్పే ఆకు పసర్లు ఏవీ వద్దు. గీత మీద చిన్న మొటిమలా లేచి దారం కొస కనిపిస్తే గిల్లకు, కరగని కుట్టు పైకొస్తోందన్నమాట, వాళ్లే తీస్తారు. చీము, జ్వరం, ఎరుపు పాకడం, ఒక్కసారిగా ఒకవైపు వాపు, వీటిలో ఏది వచ్చినా మాత్రం నాకు ఫొటో పంపి కూర్చోకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లు.

ఇక కొండ మొక్కు. ఆపరేషన్ బాగా జరిగితే తలనీలాలిస్తానని మొక్కుకున్నావని తెలిసి గుండె ఝల్లుమంది. కల్యాణకట్టలో కత్తి చెవి వెనక మడతకు తగిలేలాగే నడుస్తుంది. జుట్టులో కలిసిన నీ గీత సరిగ్గా ఆ దారిలోనే ఉంది, తిమ్మిరి చోట తెగినా నీకు నొప్పి తెలియదు. గుండు మీద ఎండ, గంధం, చెమట అన్నీ ఆ గీతకే. ఇప్పటికి మూడు కత్తెర్లిచ్చి స్వామిని వేడుకో. గుండు ఏడాది తర్వాత, మచ్చ తెల్లబడ్డాక. మొక్కు మాటే కదా, ఏడుకొండలవాడు తొందరపెట్టడు.

మీ ఆడపడుచు ఈ వయసులో ముఖానికి కత్తెందుకని అందని రాశావు. నీ ముఖం, నీ డబ్బు, నీ నిర్ణయం. నువ్వెందుకు చేయించుకున్నావో నాకు తెలుసు, ఆమెకు చెప్పాల్సిన పని లేదు.

సీమంతానికి బుట్టకమ్మలు పెట్టుకోకు. మాటీలు తగిలిస్తే బరువు తగ్గుతుందనుకుంటావేమో, ఆ గొలుసు జుట్టును లాగుతుంది, గీత మీద రాసుకుంటుంది. చిన్న దుద్దులు చాలు. కొప్పు కిందికి వదులుగా వేసి మల్లెలు పెడితే చెవి వెనక ఏమీ కనపడదు. ముందురోజే బస్సెక్కి వస్తాను, జడ నేనే వేస్తా.

ఇట్లు,
నీ నేస్తం, తిరుపతి