పిండికట్టు వేస్తే సరిపోదు, బూట్లూ అందాలి

సంపాదకులకు నమస్కారం.

పాదాలు లోపలికి మెలితిరిగి పుట్టిన బిడ్డను చూసి గ్రహణదోషమని కుమిలిపోయే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. సుమారు వెయ్యి మందిలో ఒకరికి వచ్చే ఈ క్లబ్‌ఫుట్‌కు పెద్ద కోతలు అక్కర్లేని వైద్యాన్ని అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో డాక్టర్ ఇగ్నాసియో పోన్సెటి గత శతాబ్దం మధ్యలోనే రూపొందించారు. వారం వారం పాదాన్ని చేత్తో మెల్లగా తిప్పి, తొడ దాకా పిండికట్టు వేస్తారు. ఐదారు కట్లకు పాదం దారిలోకి వస్తుంది. అప్పటికీ మడమ కిందికి దిగకపోతే వెనుకనున్న స్నాయువును చిన్న గాటుతో తెంపుతారు. పసిబిడ్డలకు చాలావరకు అక్కడికి మాత్రమే మత్తు ఇస్తే చాలు, కుట్టు కూడా పడదు. మూడు వారాలు చివరి కట్టులో ఉండగానే అది సాగి అతుక్కుంటుంది.

పిల్లల్లో పుట్టుకతో వచ్చే లోపాలను గుర్తించి వైద్యం చేయించేందుకు 2013లో మొదలైన కేంద్ర పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో క్లబ్‌ఫుట్ కూడా ఉంది. నా బాధంతా గాటు మానిన తర్వాతి నాలుగేళ్ల గురించే. కడ్డీకి బిగించిన బూట్ల జతను మొదటి మూడు నెలలు దాదాపు రోజంతా, ఆపైన నాలుగేళ్లు వచ్చేదాకా నిద్రపోయేటప్పుడు వేయాలి. మానేస్తే పాదం మళ్లీ వంగిపోతుంది.

నేను నర్సుగా పనిచేసిన ఆసుపత్రికి ఏజెన్సీ గ్రామం నుంచి ఒక తల్లి కొడుకును చంకనేసుకుని వచ్చేది. రెండు పాదాలూ చక్కగా వచ్చాయి. బూట్లు బిగుతై బిడ్డ మడమ ఎర్రగా కందింది. పెద్ద సైజు జత లేదని, వచ్చే నెల రమ్మని చెప్పి పంపారు. కూలి మానుకుని, బస్సు ఛార్జీలు పెట్టుకుని మళ్లీ వచ్చే స్థోమత ఆమెకెక్కడిది? చాలా రోజులకు వచ్చింది. అప్పటికి పిల్లవాడు పాదం అంచుమీద నడుస్తున్నాడు. ఆ తల్లిని నిర్లక్ష్యమని తిట్టిన వాళ్లున్నారు. నాకు మాత్రం తప్పు మనదేననిపించింది.

కొన్నిచోట్ల స్వచ్ఛంద సంస్థలు ఈ బూట్లు ఉచితంగా ఇస్తున్నాయి, వారికి దండం పెట్టాలి. కానీ ఇది దాతల దయకు వదిలేయాల్సిన పని కాదు. మందుల్లాగే అన్ని సైజుల బూట్లనూ ఏరియా ఆసుపత్రుల్లో నిల్వ ఉంచాలి. తల్లికి రానూపోనూ ఛార్జీలు ఇవ్వాలి. మూడో నెల నుంచి పదిహేనో నెల దాకా ఆశా కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి పిల్లలను చూసే ఏర్పాటు ఇప్పటికే ఉంది కాబట్టి, ఆ బూట్లు పడుతున్నాయా, రాత్రి వేస్తున్నారా అని అడిగే బాధ్యత కూడా వారికి అప్పగించి, అందుకు తగిన పారితోషికం ఇవ్వాలి. రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య మంత్రులూ వచ్చే బడ్జెట్‌లోనే ఇందుకు నిధులు కేటాయించాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత నర్సు, ఉత్తరాంధ్ర