నిలబడి చూడటం కూడా పనే

సంపాదకులకు నమస్కారం.

ప్రమాద వార్తల్లో తరచూ ఒక వాక్యం కనిపిస్తుంది, ‘అంబులెన్స్ వచ్చినా సిబ్బంది కాసేపు చూస్తూ నిలబడ్డారని స్థానికులు ఆరోపించారు’ అని. ఈ ఒక్క వాక్యం గురించే ఈ ఉత్తరం. చాలా ఏళ్ళు అంబులెన్స్‌లో పనిచేశాను, ఇప్పుడు కొత్తగా చేరేవాళ్ళకు ఆ పని నేర్పుతున్నాను. నేర్పే మొదటి పాఠమే అది: బండి దిగగానే పరుగెత్తకు, ఆగి చూడు.

ఒకసారి రాత్రిపూట కారు కరెంటు స్తంభాన్ని గుద్దిందని ఫోన్ వస్తే వెళ్ళాం. తీగ తెగి బానెట్ మీదుగా నేల మీద పడి ఉంది, లోపల మనిషి చేత్తో అద్దం మీద కొడుతున్నాడు. మేము దూరంగా బండి ఆపి మైకులో ‘దిగొద్దు, లోపలే కూర్చోండి’ అని చెబుతుంటే జనానికి ఒళ్ళు మండిపోయింది. ఒకాయన నా కాలర్ పట్టుకుని ‘మీ ఇంట్లోవాళ్ళైతే ఇలాగే నిలబడతావా’ అన్నాడు. ఆయన మీద నాకు కోపం లేదు, కళ్ళముందు మనిషి అలా అద్దం బాదుతుంటే ఎవరికైనా అలాగే ఉంటుంది. కానీ నిప్పురవ్వలు రావడం లేదంటే తీగలో కరెంటు లేదని కాదు, ట్రిప్ అయిన లైను దానంతటదే మళ్ళీ ఆన్ కావచ్చు. తీగను ముట్టుకోకపోయినా అది పడిన చోటు నుంచి నేలలోకి కరెంటు పాకుతుంది, పెద్ద అంగ వేస్తే రెండు కాళ్ళ కింద వోల్టేజీ వేర్వేరుగా ఉండి ఒంట్లోంచి పోతుంది. అందుకే కనీసం 10 మీటర్లు, హైటెన్షన్ లైనైతే ఇంకా దూరం. కారుకు మంట అంటుకుంటే తప్ప ఆయన లోపల ఉండటమే క్షేమం, ఒక కాలు నేల మీద, ఒక చెయ్యి కారు మీద పెట్టాడంటే ప్రాణం పోయేది. లైను ఆపేశామని విద్యుత్ సిబ్బంది చెప్పేదాకా మేము కదల్లేదు. ఆయన్ని ప్రాణాలతోనే దించుకున్నాం.

కరెంటు కన్నా నాకు భయం వేసేది సెప్టిక్ ట్యాంకులు, పాడుబడ్డ బావులు. లోపల ఒకరు పడిపోతారు, తీయడానికి ఇంకొకరు దిగుతారు, ఆయన కోసం మూడో మనిషి. అలాంటి చోట్ల పేరుకునే విషవాయువు హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉన్నప్పుడు కుళ్ళిన గుడ్ల వాసన వస్తుంది, ఎక్కువైతే ముక్కు ఆ వాసన పట్టడమే మానేస్తుంది. అంటే వాసన పోయిందని దిగినవాడు ఇంకా ప్రమాదంలోకి దిగినట్టు. అమెరికాలో పనిచేసే చోట్ల భద్రతపై పరిశోధించే ప్రభుత్వ సంస్థ నియోష్ 1986లోనే చెప్పింది, ఇలాంటి ఇరుకు చోట్ల చనిపోయినవాళ్ళలో 60 శాతానికి పైగా కాపాడబోయినవాళ్ళేనని. మామూలు మాస్కు అక్కడ ఎందుకూ పనికిరాదు. గాలి సిలిండర్లు, తాడు, గ్యాస్ కొలిచే మీటరు ఉన్న ఫైర్ సిబ్బంది రావాలి. వాళ్ళొచ్చేదాకా గట్టు మీద నిలబడి ఆ మనిషిని పేరుపెట్టి పిలుస్తూ ఉండటం ఎంత నరకమో మాకు తెలుసు. అయినా దిగకూడదు, ఎవర్నీ దిగనివ్వకూడదు.

ఇక రెండో మాట. చోటు క్షేమమే అని తేలాక కూడా, మనిషిని ఎత్తి బండిలో పడేసుకుని వెళ్ళిపోక ఇంకా ఏం చూస్తున్నారని అడుగుతారు. మేము చూసేది ఆ మనిషి దారిలో చనిపోకుండా ఉండటానికి. ధారగా కారే రక్తం ఉందా, గొంతులో గాలి ఆడుతోందా, ఊపిరి తీస్తున్నాడా, నాడి ఎలా ఉంది, పిలిస్తే పలుకుతున్నాడా. చేయి తిరిగినవాళ్ళు చూస్తే ఇదంతా నిమిషంలో అయిపోతుంది. గుండె ఆగిన మనిషి కూడా మొదట్లో కాసేపు ఎగశ్వాస తీయవచ్చు, నోరు తెరిచి గాలి మింగుతున్నట్టు ఉంటుంది. అది చూసి ‘ఊపిరి ఆడుతోంది, తొందరగా తీసుకెళ్ళండి’ అంటారు. అది ఊపిరి కాదు. 10 సెకన్లలో తేల్చుకుని, అక్కడే నేల మీదే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్ళకైతే కనీసం 5 సెంటీమీటర్ల లోతున. అప్పుడు స్ట్రెచర్ ఎత్తమని అరిచే ప్రతి గొంతూ ఆ మనిషికి నష్టమే చేస్తుంది.

అరుపుల వెంట పోవడం ఎంత తప్పో నా తప్పు నుంచే నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో రెండు బైకులు గుద్దుకున్న చోటికి వెళ్ళాం. ఒక కుర్రాడు విరిగిన కాలు పట్టుకుని గుక్కపట్టి ఏడుస్తున్నాడు, ఇంకో కుర్రాడు రోడ్డు పక్కన మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ‘నాకేం కాలేదన్నా, వాణ్ని చూడండి’ అన్నాడు. నేను వాణ్నే చూశాను. కాలికి కట్టు కట్టి ఇటు తిరిగేసరికి ఈ కుర్రాడి పెదాలు తెల్లబడ్డాయి, మణికట్టు పట్టుకుంటే చల్లగా, చెమటతో జారిపోతోంది, నాడి సన్నగా పరుగులు తీస్తోంది. కడుపులో ప్లీహం చితికి లోలోపల రక్తం పోతోంది. బతికాడు, కానీ నా తెలివి వల్ల కాదు, ఆస్పత్రి దగ్గర్లో ఉండబట్టి. అంతగా అరవగలుగుతున్నవాడికి ఊపిరి ఆడుతున్నట్టే కదా, మొదట వెళ్ళాల్సింది చప్పుడు చేయని మనిషి దగ్గరికి. పైగా బీపీ చూసి ఊరుకోకూడదు, బీపీ పడిపోయేసరికే చాలా రక్తం పోయి ఉంటుంది, పిల్లల్లోనైతే అది ఇంకా ఆలస్యంగా పడుతుంది.

అప్పటి నుంచి వీపు కింద చెయ్యి పోనిచ్చిన ప్రతిసారీ బయటికి తీసి గ్లౌజు చూసుకోవడం అలవాటైంది. నల్ల జాకెట్ మీద రక్తం కంటికి కనపడదు, గ్లౌజు మీద కనపడుతుంది. చూసేవాళ్ళకు మాత్రం ‘వీడు చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు’ అనిపిస్తుంది. తూలుతూ పిచ్చిగా మాట్లాడే మనిషిని జనం తాగుబోతు అని వదిలేస్తే మేము వేలు గుచ్చి షుగర్ చూస్తాం, ఎందుకంటే షుగర్ పడిపోయినవాళ్ళూ అచ్చం అలాగే ఉంటారు.

మీ విలేకరులకు నా మనవి ఒక్కటే, సిబ్బంది ఆలస్యం చేశారని రాసే ముందు ఎందుకు ఆగారని వాళ్ళనూ ఒక మాట అడగండి. నిజంగా నిర్లక్ష్యం ఉంటే రాయండి, నేనూ సమర్థించను. ట్యాంకులోకి దూకి చనిపోయిన యువకుడి ధైర్యం గురించి రాసినప్పుడు, ఆ ట్యాంకులో ఏముందో, ఎలా దిగాలో రెండు లైన్లు కూడా రాయండి.

చుట్టూ ఉన్నవాళ్ళు మాకు చేయగల సాయం చాలా ఉంది. ఒక ఇంట్లో పెద్దాయన మూతి వంకరపోయి, ఒక చెయ్యి లేవకుండా పడి ఉన్నాడు. పక్షవాతానికి రక్తపు గడ్డ కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, ఆ లెక్క ఆయన చివరిసారి మామూలుగా ఉన్నప్పటి నుంచి మొదలవుతుంది. ఎప్పటి నుంచి ఇలా ఉన్నాడని అడిగితే ఇంట్లో అందరూ తలో మాటా చెబుతూ ఏడుస్తున్నారు. పదేళ్ళ మనవడు ముందుకొచ్చి ‘నేను ఎనిమిదిన్నరకు ట్యూషన్ నుంచి వచ్చినప్పుడు తాతయ్యే తలుపు తీశాడు’ అన్నాడు. ఆ టైమే కాగితం మీద పెద్దగా రాసి, ఆస్పత్రికి బయల్దేరుతూనే ఫోన్లో చెప్పాం.

ఇట్లు,
అత్యవసర వైద్య సిబ్బందికి శిక్షణ ఇచ్చే ఒక పాఠకుడు