ఫోను వెంటనే అమ్మకివ్వకండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఇంటర్ ఫలితాల రోజులు దగ్గరపడుతున్నాయి కాబట్టి ఈ ఉత్తరం ఇప్పుడే రాస్తున్నాను, ఫలితాలు వచ్చాక రాస్తే లాభం లేదు. మాది మిర్యాలగూడ. మోటార్లకు వైండింగ్ కట్టే షాపు ఉంది. నా వయసు 48. ఇద్దరు పిల్లలు, పెద్దవాడు ఇప్పుడు ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతున్నాడు. వాడికీ నాకూ మధ్య జరిగింది చెబుతాను, నా ఈడు తండ్రులు ఎవరైనా చదువుతారని.

పదో తరగతి కాగానే వాణ్ణి హైదరాబాద్‌లో హాస్టల్ ఉన్న జూనియర్ కాలేజీలో వేశాం. అక్కడ ఫోను ఆదివారం ఒక్కరోజే. వాడు చేస్తే మొదట నేనే ఎత్తేవాణ్ణి. "బాగున్నవా? తిన్నవా? వీక్లీ టెస్టుల ఎంతొచ్చింది? పైసలున్నయా? సరే, అమ్మకిస్తున్న." అంతే, నిమిషం కూడా అయ్యేది కాదు. తర్వాత వాళ్లమ్మ ఇరవై నిమిషాలు మాట్లాడేది, నేను పక్కనే కూర్చుని టీవీ సౌండు తగ్గించి వినేవాణ్ణి. వాడు ఏం కూర తిన్నాడో, రూములో ఎవరితో పడటం లేదో, కాళ్లకు చెప్పులు తెగిపోయాయో, అన్నీ నాకు ఆమె నోటి నుంచే తెలిసేవి. వినాలని నాకు ఉంది, అడగడమే రాదు. వాడికీ చెప్పాలని ఉండే ఉంటుంది, కానీ నాన్న గొంతు వినగానే వాడు మార్కుల లెక్క అప్పజెప్పడానికి సిద్ధమైపోయేవాడు.

ఇది ఒక్క మా ఇంట్లో మాటే కాదు. మా షాపుకు వచ్చే రైతులు, మిల్లుల్లో పనిచేసేవాళ్లు, అందరిదీ ఇదే వరస. గల్ఫ్‌లో ఉండే మా చుట్టాలాయన రెండేళ్లకోసారి సెలవు మీద వస్తాడు. ఇంట్లో మీసాలొచ్చిన కొడుకు ఎదురుగా ఉంటే ఏం మాట్లాడాలో తెలియక ఇద్దరూ చెరో ఫోను పట్టుకుని కూర్చుంటారు. ప్రేమ లేకనా? ఆ ఎండల్లో ఆయన కష్టపడేది ఆ పిల్లవాడి కోసమే.

ఇలా ఎందుకవుతుందని నేను చాలా ఆలోచించాను. మా నాన్న నాతో పని చెప్పడానికి తప్ప మాట్లాడినట్టు గుర్తులేదు. నీళ్లు మళ్లించు, బర్రెలను తోలుకురా, గంతే. నాకేం కావాలన్నా అమ్మకు చెప్పేవాణ్ణి, అమ్మ ఆయనకు చెప్పేది. ఆయన పోయాక దినాల రోజు ఊళ్లోవాళ్లు ఆయన చిన్నప్పటి ముచ్చట్లు చెబుతుంటే మొదటిసారి విన్నాను, ఇంట్లో ఇరవై ఏళ్లకు పైగా కలిసి ఉండి కూడా. పైగా మన ఇళ్లలో ఒక అలవాటుంది. పిల్లవాడు అల్లరి చేస్తే తల్లి "మీ నాన్న రానీ, చెప్త నీ సంగతి" అంటుంది. ఆమె తప్పేం లేదు, రోజంతా వేగలేక అంటుంది. కానీ పదేళ్లపాటు బూచిలా చూపించిన మనిషి దగ్గరికి పదిహేడేళ్ల పిల్లవాడు వచ్చి, నాకు భయమేస్తోందని ఎట్లా చెప్తాడు? ఇక మన సంగతి చూస్తే ఈ వయసుకు బీపీ, షుగరు, అప్పు కిస్తీలు, పెద్దవాళ్ల ఆసుపత్రి ఖర్చులు, ఇంటికొచ్చేసరికి మాటలన్నీ అయిపోయి ఉంటాయి. సరిగ్గా అప్పుడే కొడుక్కి మన అవసరం పడుతుంది.

మా వాడు ఫస్టియర్‌లో సంక్రాంతి సెలవులకు వచ్చాడు. పండగ పూట కూడా ఎక్కువ మాట్లాడలేదు, ఎప్పుడూ పడుకునే ఉన్నాడు. సోమరితనం అనుకున్నాను, ఒకసారి గట్టిగా అరిచాను కూడా. కనుమ రోజు సాయంత్రం ఒక రైతు కాలిపోయిన సబ్‌మెర్సిబుల్ మోటారు తెచ్చాడు. యాసంగి నాట్లు నడుస్తున్నాయి, పొద్దున కల్లా కావాలి. మా షాపు కుర్రాడు పండక్కి ఊరెళ్లాడు. ఆ మోటారు వైండింగ్ ఒక్కడితో అయ్యే పని కాదు, స్టేటర్‌కు, అంటే మోటారులో తిరగకుండా ఉండే బయటి భాగానికి, అటొకరు ఇటొకరు కూర్చుని తీగను గాడుల్లోంచి అందిస్తూ లాగుతుండాలి. వేరే దారిలేక మా వాణ్ణి పిలిచాను.

ఒక గంట ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. తీగ వాడి వైపు పోతుంది, నా వైపు వస్తుంది. తర్వాత వాడే అన్నాడు, "నాన్నా, నాకక్కడ నిద్ర పడ్తలేదు" అని. నేను తల ఎత్తలేదు. ఎత్తి వాడి మొహంలోకి చూస్తే ఆ మాట అక్కడే ఆగిపోయేదని నాకిప్పటికీ అనిపిస్తుంది. తీగ లాగుతూనే ఉన్నాను. నోటికి ముందు వచ్చింది "అందరు పిల్లలు ఉంటలేరా" అన్న మాటే, ఎట్లాగో మింగేసి, వాళ్లమ్మకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలియని సంగతి చెప్పాను. "నేను కూడా ఇంటర్ ఫెయిలయిన్నురా."

"నువ్వా?"

అవును, నేనే. 1995 మార్చిలో లెక్కల్లో పోయింది, సెప్టెంబరులో కట్టి పాసయ్యాను. ఆ నాలుగైదు నెలలు ఇంట్లో అన్నం తినడానికి సిగ్గుపడ్డాను, ఎండాకాలమంతా మామ వైండింగ్ షాపులో కూర్చున్నాను, ఈ పని అక్కడే నేర్చుకున్నాను. ఇదంతా చెప్పాను. వాడు తీగ పట్టుకోవడం ఆపేసి విన్నాడు. ఆ తర్వాత వాడు మాట్లాడిన మాటలు నేను ఇక్కడ రాయను, అవి వాడివి. ఒక్కటి మాత్రం చెబుతాను. నవంబరు నుంచీ వాడు రాత్రి రెండింటి దాకా పైకప్పు చూస్తూ పడుకుంటున్నాడు. ఆ మధ్యలో నేను ప్రతి ఆదివారం వాడితో "మాట్లాడుతూనే" ఉన్నాను, నాకేమీ తెలియలేదు.

సెలవుల తర్వాత వాణ్ణి ఆ కాలేజీకి పంపలేదు, ఇక్కడే ఇంటి నుంచి వెళ్లొచ్చే కాలేజీలో చేర్పించాం. కట్టిన ఫీజు తిరిగి రాలేదు. చుట్టాలు నానా మాటలన్నారు. వాడికి పెద్ద ర్యాంకేమీ రాలేదు, మామూలు కాలేజీలో సీటొచ్చింది. ఇప్పటికీ బండి స్పీడు గురించి, ఆ జుట్టు గురించి మాకు గొడవలవుతాయి. కాకపోతే గొడవ నేరుగా నాతోనే పడతాడు, వాళ్లమ్మతో చెప్పించడం లేదు.

కొడుకు పెద్దవాడైతే స్నేహితుడిలా ఉండాలని అందరూ సలహా ఇస్తారు. నాకది పూర్తిగా నచ్చదు. వాడికి స్నేహితులు బోలెడుమంది ఉన్నారు, వాడి పాటలు, వాడి భాష నాకు రావు, వచ్చినట్టు నటిస్తే వాడికి తెలిసిపోతుంది. నాన్న నాన్నలాగే ఉండొచ్చు. కాకపోతే ఆ నాన్నకు కూడా ఒక బతుకుందని, అందులో భయాలు, ఓటములు ఉన్నాయని కొడుక్కి తెలియాలి. ఇప్పుడు వాడు ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ నుంచి ఫోన్ చేస్తే నేను ముందు నా సంగతి చెబుతాను. ఇవాళ ఫలానా రైతు మోటారు మూడోసారి కాలింది, వోల్టేజి లేక పాపం తల పట్టుకున్నాడు, రాగి తీగ రేటు మళ్లీ పెరిగింది, మోకాలు నొప్పిగా ఉంది అని. మనం ప్రశ్నలు వేస్తుంటే జవాబులొస్తాయి తప్ప ముచ్చట రాదు. మన సంగతి చెబితే వాళ్ల సంగతి దానంతటదే వస్తుంది, ఒక్కోసారి రెండు మూడు వారాలు పట్టినా సరే. ఎదురెదురుగా కూర్చోబెట్టి "చెప్పు, నీ ప్రాబ్లం ఏంది" అంటే ఏ మగపిల్లవాడూ చెప్పడు. బండి మీద వెనక కూర్చోబెట్టుకుని పొలం దాకా వెళ్లండి, ఏదైనా పని ఇద్దరూ కలిసి చేయండి, కళ్లలోకి చూడాల్సిన అవసరం లేకపోతే మాటలు వస్తాయి.

2019 ఏప్రిల్‌లో మన తెలంగాణలో జరిగింది ఎవరం మర్చిపోలేదు. 18వ తేదీన ఇంటర్ ఫలితాలొచ్చాయి, వాటిలో తప్పులు దొర్లాయి, 99 మార్కులు వచ్చిన అమ్మాయికి సున్నా పడింది, కొద్ది రోజుల్లోనే ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022 ఒక్క ఏడాదిలో దేశంలో 13 వేల మందికి పైగా విద్యార్థులు అలా పోయారు. ఆ ఇళ్లలోని తండ్రులను నేను తప్పుపట్టడం లేదు, నాకా హక్కు లేదు. ఆ సంక్రాంతికి మా షాపు కుర్రాడు ఊరెళ్లకపోయి ఉంటే మా ఇంట్లో ఏమయ్యేదో నాకు తెలియదు. అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను. ఫలితాలు వచ్చాక కాదు, రాకముందే, ఈ వారంలోనే, మీ అబ్బాయికి ఒక మాట నేరుగా చెప్పండి: ఎన్ని మార్కులొచ్చినా, తప్పినా, మొదటి ఫోను నాకే చెయ్యి అని. అమ్మతో చెప్పించకండి. చెప్పడానికి మొహమాటంగా ఉంటుంది, నాకూ ఉండింది. అయినా చెప్పండి.

మీ పత్రికకు కూడా ఒక మనవి. ఫలితాల మర్నాడు ర్యాంకులొచ్చిన పిల్లల ఫొటోలతో పేజీలు నిండిపోతాయి, అవి వేయండి, వాళ్ల కష్టం వాళ్లది. అదే పేజీలో పైన, మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఫోను సాయం నంబరు 14416 పెద్ద అక్షరాల్లో వేయండి. ఎప్పుడు చేసినా ఉచితంగా మాట్లాడతారు, తెలుగులోనే. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఫీజు ఎప్పటిలోగా కట్టాలో దాని పక్కనే వేయండి. ఇంటర్ తప్పి తర్వాత నిలదొక్కుకున్న తండ్రులు ఈ ఊళ్లలో చాలామంది ఉన్నారు, వాళ్లను నాలుగేసి వాక్యాలు రాయమని అడగండి. మొదటిది నేను రాసిస్తాను.

— వైండింగ్ షాపు నడుపుకునే ఒక తండ్రి, మిర్యాలగూడ