వార్షిక నివేదిక: పీటర్ రీడెల్ ప్రదర్శన, ఇతర కార్యక్రమాలు

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గానికి, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన సభ్యులందరికీ నమస్కారం.

సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కనుక నేరుగా పనుల్లోకి వస్తాను. నెలవారీ సమావేశాలు, కొత్తవారికి బాల్సా అనే తేలికపాటి చెక్కతో గ్లైడర్ల (ఇంజన్ లేకుండా ఎగిరే విమానాల) తయారీ తరగతులు ఎప్పటిలాగే జరిగాయి. ఈ ఏడాది గర్వంగా చెప్పుకోవలసింది, జర్మన్ గ్లైడర్ పైలట్ పీటర్ రీడెల్ జీవితంపై మనం జరిపిన రెండు రోజుల ప్రదర్శన.

రీడెల్ 1905లో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీపై మోపిన వెర్సాయ్ ఒప్పందం అక్కడి ఇంజన్ విమానాలకు ముకుతాడు వేయడంతో జర్మన్ కుర్రకారు గ్లైడర్లవైపు మళ్లారు. జర్మనీలోని రోన్ కొండల్లో 950 మీటర్ల ఎత్తున్న వాసర్‌కుప్ప శిఖరం మీద 1920లో జరిగిన తొలి గ్లైడర్ పోటీకి, 14 ఏళ్ల రీడెల్ సొంతంగా కట్టుకున్న గ్లైడర్‌తో వచ్చాడు.

ఆ రోజుల్లో గ్లైడర్ ఎలా లేచేదో చూపడానికి మొదటి బల్ల కేటాయించాం. రబ్బరు తాడు మధ్యనున్న రింగును గ్లైడర్ ముక్కు కింది కొక్కేనికి తగిలిస్తారు. తాడు రెండు కొసలనూ చెరో ముగ్గురు నలుగురు పట్టుకుని ఇంగ్లిష్ వి ఆకారంలో వాలువైపు నడుస్తారు, తర్వాత పరుగెత్తుతారు. వెనుక ఇద్దరు తోక పట్టి ఉంచుతారు. తాడు బాగా సాగాక తోక వదిలితే గ్లైడర్ ఎగురుతుంది, తాడు వదులవగానే రింగు దానంతటదే జారిపోతుంది. ఒకవైపు జట్టు వెనకబడితే ముక్కు అటో ఇటో తిరిగి రెక్క నేలకు తగులుతుంది. తోక ముందే వదిలితే వేగం చాలక వాలు మీదే కూలబడుతుంది.

దీన్నే రెండు మీటర్ల రెక్కల నమూనాతో మైదానంలో చేసి చూపాం. 30 మీటర్ల రబ్బరు ట్యూబు, దానికి 120 మీటర్ల నైలాన్ తాడు, కొసన చిన్న పారాచూట్. కొక్కెం బరువు కేంద్రానికి ఒక సెంటీమీటరు ముందుండాలి. వెనక్కి జరిపితే నమూనా పక్కకు ఒరిగి తాడుతో సహా నేలకు కొడుతుంది. ఎదురుగాలి లేని పూట రబ్బరును ఎంత లాగినా అంత ఎత్తు రాదు. మొదటి రోజు సాయంత్రం ప్రయోగాలు ఆపింది ఇందుకే.

విమానంతో గ్లైడర్‌ను లాగించే పద్ధతి 1930ల మొదట్లో జర్మనీలోని డార్మ్‌స్టాట్ నగరంలో నిలదొక్కుకుంది. గ్లైడర్‌ను లాగే విమానాన్ని రీడెల్ నడిపేవాడు. గ్లైడర్ మరీ పైకి పోతే ముందు విమానం తోకను ఎత్తేసి దాని ముక్కును నేలవైపు తిప్పుతుంది. అందుకే తాడును రెండు కొసల్లోనూ వదిలించుకునే ఏర్పాటుండాలి. 1934లో వాతావరణ శాస్త్రవేత్త వాల్టర్ గేయోర్గీ నాయకత్వంలో దక్షిణ అమెరికా వెళ్లిన బృందంలో గ్లైడర్ పైలట్లు వోల్ఫ్ హిర్ట్, హైనీ డిట్‌మార్, హన్నా రైట్ష్‌లతో పాటు రీడెల్ కూడా ఉన్నాడు. 1937లో అమెరికాలోని ఎల్మైరా గ్లైడర్ పోటీలో అందరికంటే ఎక్కువ పాయింట్లు ఆయనవే, విదేశీయుడు కావడంతో బిరుదు దక్కలేదు.

ఎక్కువమంది ఆగి చదివిన బల్ల వాషింగ్టన్‌ది. 1938 నుంచి జర్మన్ రాయబార కార్యాలయంలో వాయుసేన వ్యవహారాలు చూస్తూ, పత్రికలూ అందరికీ దొరికే లెక్కలూ చదివి అమెరికా విమానాల ఉత్పత్తిని అంచనా వేశాడు. పై అధికారి ఫ్రీడ్రిష్ ఫాన్ బోటిషర్ అమెరికా బలాన్ని తక్కువ చేసి రాసేవాడు. రీడెల్ అంకెల్ని బెర్లిన్ నమ్మలేదు. 1939లో అమెరికా చేసిన సైనిక విమానాలు సుమారు రెండు వేలు, 1944లో 96 వేల పైచిలుకు. ఆ ఏడే జర్మనీ చేసినవి 40 వేలకు కాస్త తక్కువ. పైగా అమెరికా లెక్కలో నాలుగింజన్ల బాంబర్లు చాలా ఉన్నాయి కనుక, ఇంజన్లు లెక్కిస్తే తేడా ఇంకా పెరుగుతుంది. ఈ పట్టిక తయారుచేసిన సభ్యులకు ప్రత్యేక కృతజ్ఞతలు.

ఆయన పనిచేసింది నాజీ ప్రభుత్వానికే. ఆ సంగతిని మనం ఎక్కడా దాచలేదు. జర్మనీ అమెరికాపై యుద్ధం ప్రకటించాక అమెరికాలోని గ్రీన్‌బ్రయర్ హోటల్లో నిర్బంధంలో ఉండి, 1942లో డ్రాట్నింగ్‌హోమ్ ఓడలో వెనక్కి వెళ్లాడు. తర్వాత స్టాక్‌హోమ్‌లో ఉండగా 1944లో నాజీల మృత్యు శిబిరాల గురించిన కరపత్రం చేతికందితే, దాన్ని హన్నా రైట్ష్ ముందు పెట్టాడు. ఆమె నాజీ ఎస్.ఎస్. దళాల అధిపతి హిమ్లర్‌ను అడిగితే ఆయన కాదన్నాడు. రీడెల్ మాత్రం అమెరికన్ గూఢచార సంస్థ ఓ.ఎస్.ఎస్.తో సంబంధం పెట్టుకున్నాడు, బెర్లిన్ రమ్మన్నా వెళ్లలేదు. యుద్ధానంతరం గ్లైడింగ్ చరిత్రను మూడు సంపుటాలుగా రాశాడు. 1998లో కన్నుమూశాడు.

హాలు ఉచితంగా ఇచ్చిన పాఠశాల యాజమాన్యానికి, మంచినీళ్లు, టీ చూసుకున్న మహిళా సభ్యులకు, బల్లలు మోసిన విద్యార్థులకు ధన్యవాదాలు. మైదానం అనుమతి ఆఖరి నిమిషం దాకా రాలేదు. అప్పటివరకు దరఖాస్తు కార్యాలయంలో ఒక బల్ల నుంచి మరో బల్లకు మారిందే తప్ప ఎవరూ సంతకం పెట్టలేదు. పేర్లిచ్చిన స్వచ్ఛంద కార్యకర్తల్లో సగానికి పైగా రాలేదు. వచ్చిన కొద్దిమందే రెండు రోజులూ నిలబడ్డారు. రాలేమని ముందురోజు ఫోన్ చేసినా వేరేవారిని పిలుచుకునేవాళ్లం.

జమాఖర్చుల పట్టికను ఆడిటరుగారు పరిశీలించి సంతకం చేశారు. దాని నకలు కోశాధికారి వద్ద ఉంది, చందా బకాయిలు ఈ నెలలోగా చెల్లించగలరు.

వచ్చే ఏడాది ఈ బల్లలను జిల్లా పాఠశాలలకు తీసుకెళ్లాలని కార్యవర్గం తీర్మానించింది. రబ్బరు ట్యూబు ఎండకు పగుళ్లు పట్టింది, కొత్తది కొనడానికి సమావేశం ఆమోదం కోరుతున్నాం. తోక పట్టేవారు, తాడు లాగేవారు కావాలి. కచ్చితంగా రాగలిగినవారే తమ పేర్లు ఈ రోజు భోజనాలకు ముందు రిజిస్టరులో రాయాలని మనవి.

కార్యదర్శి