22 రోజులకే పోయిన వాటర్ పంపు: తప్పు నా పాత బండిది కాదు

కస్టమర్ కేర్ విభాగం వారికి,
తేదీ: 2025 అక్టోబరు 6

నమస్కారం.

నేను ప్రకాశం జిల్లా పొదిలి దగ్గర ఒక పల్లెలో టెంట్ హౌస్ నడుపుతున్నాను. షామియానాలు, కుర్చీలు, వంట గుండిగలు, గ్యాస్ పొయ్యిలు, సీరియల్ లైట్లు, ఒక చిన్న జనరేటర్ అద్దెకిస్తాం. పని చేసేది నేను, నా భార్య, మా తమ్ముడు, సీజన్‌లో అయితే ఇంకో ఇద్దరు కుర్రాళ్లు. ఈ సామానంతా ఊళ్లు తిప్పేది మీ కంపెనీ రెండు సిలిండర్ల డీజిల్ మినీ ట్రక్కు. 2011 ఫిబ్రవరిలో కొత్తగా కొన్నాను, ఇప్పటికీ నా పేరు మీదే ఉంది. ఈ పద్నాలుగేళ్లలో మీకు ఫిర్యాదు రాయడం ఇదే మొదటిసారి. మీ దగ్గర కొన్న వాటర్ పంపు (ఇంజిన్ వేడెక్కకుండా లోపల నీళ్లు తిప్పేది) 22 రోజులకే పోయిందని ఆగస్టులో పెట్టిన వారంటీ క్లెయిమ్‌ను మీరు మూడు లైన్ల మెయిల్‌తో కొట్టేశారు కాబట్టి, ఈసారి జరిగిందంతా వివరంగా రాస్తున్నాను, దయచేసి చివరిదాకా చదవండి.

మా పనిలో బండి రిపేరుకు కూడా పంచాంగం చూసుకోవాలి. ముహూర్తాలు ఉన్నన్నాళ్లు బండిని షెడ్డులో పెట్టడం కుదరదు. రాత్రి ఒక ఊళ్లో దించిన సామాను పొద్దున్నే ఎత్తుకొచ్చి, కడిగి, మధ్యాహ్నానికల్లా ఇంకో ఊరికి పంపాలి. అందుకే కమాన్ కట్టలు విప్పించడం, బ్రేక్ షూలు మార్పించడం, రేడియేటర్ కడిగించడం లాంటివన్నీ ఆషాఢంలోనో మూఢంలోనో చేయించుకుంటాం. ఈ ఏడాది జూన్ మొదట్లో పాత వాటర్ పంపు దగ్గర సన్నగా అరుపు మొదలైంది. మెకానిక్ పుల్లీ పట్టుకుని ఊపి చూసి, షాఫ్ట్ ఆడుతోంది, బేరింగ్ పోతోంది, శ్రావణం ముహూర్తాల లోపు మార్చేయండి అన్నాడు. నేనూ ఆలస్యం చేయలేదు. జూన్ 12న ఒంగోలులో మీ ఆథరైజ్డ్ స్పేర్ పార్ట్స్ కౌంటర్‌కు వెళ్లి, 28 శాతం జీఎస్టీతో కలిపి మొత్తం 2,350 రూపాయలు ముందే కట్టి ఆర్డర్ పెట్టాను.

ఆ పంపు నా చేతికి వచ్చింది జూలై 21న. అంటే 39 రోజులు! ఈ మధ్యలో మూడుసార్లు ఒంగోలు వెళ్లాను, పోనూ రానూ వంద కిలోమీటర్లు, వెళ్లిన ప్రతిసారీ 'వచ్చే వారం' అనే మాటే. ఫోన్ చేస్తే పాత మోడల్ కదండీ, స్టాక్ ఉండదు అన్నారు. ఆషాఢం అంతా అలా ఎదురుచూడటంతోనే అయిపోయింది. చివరికి పంపు వచ్చినప్పుడు పెట్టె మీద పార్ట్ నంబరు, నా ఆర్డర్ కాగితం మీద పార్ట్ నంబరు వేరుగా ఉన్నాయి. అడిగితే, పాత నంబరు ఆపేశారు, దాని బదులు ఇదే వస్తోంది, మీ బండికి సరిగ్గా సరిపోతుంది అని చెప్పి బిల్లు వెనక రాసి, స్టాంపు వేసి ఇచ్చారు. ఆ బిల్లు ఫొటో దీంతో పంపుతున్నాను.

జూలై 22న మా మెకానిక్ పంపు బిగించాడు. కొత్త ప్యాకింగ్ వేశాడు, కొత్త బెల్టు వేశాడు, రేడియేటర్‌లో మామూలు నీళ్లు కాకుండా ఇంజిన్‌ను చల్లబరిచే మీ కంపెనీ కూలెంటే పోశాడు. బండి ఆ రోజు నుంచి బాగానే తిరిగింది, టెంపరేచర్ ముల్లు సగం దాటలేదు.

ఆగస్టు 13న మాకు 18 కిలోమీటర్ల దూరంలో ఒక ఊళ్లో పెళ్లి. మర్నాడు తెల్లవారుజామున ముహూర్తం. సాయంత్రం మొదటి ట్రిప్పులో షామియానా, రెండు వందల కుర్చీలు దించి వచ్చాం. రాత్రి పదింటికి రెండో ట్రిప్పులో గుండిగలు, పొయ్యిలు, గ్యాస్ సిలిండర్లు వేసుకుని మా తమ్ముడు బయల్దేరాడు. చెరువు కట్ట ఎక్కేచోట ముల్లు ఒక్కసారిగా పైకి లేచిందట, వెంటనే ఆపేశాడు, కానీ అప్పటికే ఆవిరి వస్తోంది. వీధి దీపం లేని రోడ్డు, నాకు ఫోన్ చేశాడు. అక్కడ పెళ్లివారింట్లో వంటవాళ్లు ఖాళీగా కూర్చున్నారు, పొద్దున టిఫిన్లకు ఆరు వందల మందికి ఉప్మా చేయాలి, గుండిగలే లేవు. పెళ్లికూతురి నాన్న ఫోన్లో, "ఏంటి తమ్ముడూ, ఇంతమంది చుట్టాల ముందు ఇలా చేశావేంటి" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, భయం ఉంది. నేనెంత చెప్పినా ఆ రాత్రి ఆయనకు ధైర్యం రాలేదు.

చివరికి మా నాన్న 1996లో కొన్న ట్రాక్టర్ తీసుకెళ్లి, సామాను ట్రాలీలోకి మార్చి, రాత్రి ఒంటిగంటకు చేర్చాం. తర్వాత మినీ ట్రక్కును తాడు కట్టి లాక్కొచ్చాం. పొద్దున మెకానిక్ చూస్తే ఇంజిన్ ఆయిల్ మజ్జిగలా తేలి ఉంది, అంటే ఇంజిన్‌కూ దాని పైభాగమైన హెడ్‌కూ మధ్య ఉండే గ్యాస్కెట్ పోయి నీళ్లు ఆయిల్లో కలిశాయి. హెడ్ విప్పి లేత్ షాపుకు పంపితే వంగిపోయిందని చెప్పి ఫేసింగ్ చేశారు, అంటే అడుగు చెక్కి సమం చేశారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీరు క్లెయిమ్ కొట్టేస్తూ రాసిన మొదటి కారణం, పంపును బయటి మెకానిక్ బిగించాడు కాబట్టి ఫిట్టింగ్ లోపం అని. ఫిట్టింగ్ సరిగ్గా లేకపోతే నీళ్లు ఎక్కడి నుంచి కారతాయో మీ ఇంజినీర్లకు నాకంటే బాగా తెలుసు. పంపు ఇంజిన్‌కు అతుక్కునే చోట, ప్యాకింగ్ అంచు నుంచి కారాలి. మా పంపు ప్యాకింగ్ పొడిగా, శుభ్రంగా ఉంది. నీళ్లు కారింది షాఫ్ట్ కింద ఉండే చిన్న కన్నం నుంచి. ఆ కన్నం పెట్టిందే అందుకు కదా, లోపలి సీల్ దెబ్బతింటే నీళ్లు బేరింగ్‌లోకి పోకుండా బయటికి వచ్చి మనిషి కంటపడాలని. ఆ కన్నం చుట్టూ కూలెంట్ ఎండిపోయిన పచ్చటి చారలు స్పష్టంగా ఉన్నాయి, నాలుగు ఫొటోలు తీసి పంపాను. సీల్ బిగించింది మీ ఫ్యాక్టరీలో. మా మెకానిక్ దాన్ని విప్పనూ లేదు, ముట్టుకోనూ లేదు. ఇది 22 రోజులకు, తొమ్మిది వందల కిలోమీటర్లు కూడా తిరగకుండానే పోయింది. ఇంతకీ ఆ పంపును మీ వాళ్లు ఎవరూ కంటితో చూడలేదు. చూడకుండానే ఫిట్టింగ్ లోపం అని ఎలా రాశారు? నన్ను అన్నిటికంటే బాధపెట్టింది ఇదే.

బయటి మెకానిక్ దగ్గరికి ఎందుకు వెళ్లాను అంటారేమో. మీ వర్క్‌షాపు యాభై కిలోమీటర్ల దూరం. నిరుడు క్లచ్ పనికి అక్కడికే తీసుకెళ్తే, ఇది పాత మోడల్ అండీ, మా కుర్రాళ్లకు దీని మీద అలవాటు లేదు, మీ ఊళ్లోనే చేయించుకోండి అని మీ సర్వీస్ వాళ్లే తిప్పి పంపారు. మీరే పంపినచోట పని చేయిస్తే ఇప్పుడు అదే తప్పు అంటున్నారు.

రెండో కారణం, కూలెంట్ బదులు మామూలు నీళ్లు వాడి ఉండొచ్చు అని. మా పొదిలి, కనిగిరి వైపు బోరు నీళ్ల సంగతి ఇక్కడ ఉండేవాళ్లను అడగండి. ఫ్లోరైడ్ నీళ్లు, ఉప్పు నీళ్లు. గుండిగలో కాస్తే అడుగున తెల్లగా పెచ్చు కడుతుంది. మా గుండిగలు తోమేవాళ్లకే ఆ కష్టం తెలుసు. ఆ నీళ్లు రేడియేటర్‌లో పోస్తే ఏమవుతుందో తెలిసే 2011 నుంచి ఒక్కసారి కూడా పోయలేదు. కూలెంట్ బిల్లు కూడా ఉంది, అదే కౌంటర్ బిల్లు, అదే తేదీ. మీ కంప్యూటర్‌లో చూసుకున్నా కనిపించేది.

మూడోది బండి వయసు. బండి పదేళ్లు దాటింది కాబట్టి వర్తించదు అని రాశారు. నేను బండికి వారంటీ అడగలేదండీ, బండి వారంటీ ఎప్పుడో అయిపోయిందని నాకూ తెలుసు. నేను అడిగేది జూలైలో కొత్తగా కొన్న పంపు గురించి. పంపు వయసు 22 రోజులు. పెట్టె మీద ఆరు నెలల వారంటీ అని అచ్చు వేసింది మీరే, అందులో ఎక్కడా ఫలానా ఏళ్లు దాటిన బండికి చెల్లదు అని లేదు. పైగా ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. మే నెలలోనే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూసి, బ్రేకులు, లైట్లు, పొగ, అన్నీ సరిగ్గా ఉన్నాయని ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఇచ్చారు. రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని సర్కారు ఒప్పుకున్న బండి మీ పంపు ఒక్కటి బిగించడానికి పనికిరాదా?

ఫోన్లో మాట్లాడిన మీ ప్రతినిధి ఎక్స్ఛేంజ్‌లో కొత్త బండి తీసుకోండి సార్, ఈ టెన్షన్ ఉండదు అన్నారు. ఆయన మర్యాదగానే అన్నారు, తప్పు పట్టను. కానీ మా లాంటి వాళ్ల లెక్క వేరు. ముహూర్తాలున్న నెలలో నాలుగు రూపాయలు కనిపిస్తాయి, మూఢం పడితే రెండు మూడు నెలలు షామియానాలు మడత పెట్టి ఉంచడమే, ఎవరైనా పోతే దశదిన కర్మకు కుర్చీలు వెళ్తాయి, అంతే. ఈఎంఐ మాత్రం ప్రతి నెలా అదే తారీఖున వస్తుంది. అప్పు లేని బండి కాబట్టే ఆ నెలల్లో మా ఇల్లు గడుస్తోంది. మా చుట్టుపక్కల టెంట్ హౌస్‌లు, నీళ్ల క్యాన్ల వాళ్లు, కూరగాయల వాళ్లు, ఎక్కువమంది ఇలా పన్నెండేళ్లు, పదిహేనేళ్లు దాటిన బండ్లతోనే బతుకుతున్నారు. వాళ్లంతా ఒకప్పుడు మీ దగ్గరో మీలాంటి వాళ్ల దగ్గరో కొత్తగా కొన్నవాళ్లే.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ రాత్రి మమ్మల్ని ఆదుకున్న ట్రాక్టర్‌కు దాదాపు ముప్పై ఏళ్లు. దాని వాటర్ పంపుకు సీలు, బేరింగ్ కలిపి కిట్ పొదిలిలోనే దొరుకుతుంది, గంటన్నరలో మార్చుకుంటాం. మీ మినీ ట్రక్కుకు కూడా ఇంతకుముందు అలాంటి కిట్ ఉండేది. ఇప్పుడు అది ఆపేసి మొత్తం పంపే కొనాలంటున్నారు, అది కూడా 39 రోజులకు. కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో రిపేర్ హక్కు పోర్టల్ తెచ్చింది, అందులో వాహనాలు, వ్యవసాయ యంత్రాలు కూడా ఉన్నాయి. అలాంటప్పుడు కిట్ ఎందుకు ఆపారో, ఏ పాత నంబరుకు ఏ కొత్త నంబరో తెలిపే జాబితా కౌంటర్‌లో గోడకైనా ఎందుకు అంటించరో చెప్పండి.

నాకు అయిన నష్టం ఇది. పంపు 2,350. హెడ్ ఫేసింగ్ 3,800. గ్యాస్కెట్లు, ఆయిల్ 2,450. మెకానిక్ కూలి 3,000. ఆగస్టు 14 నుంచి 22 వరకు తొమ్మిది రోజులు రోజుకు 1,500 చొప్పున బాడుగ బండి, 13,500. పెళ్లివారికి నేనే తగ్గించుకున్నది 4,000, వాళ్లు అడగలేదు, ఆ రాత్రి వాళ్లు పడ్డ కంగారు చూసి నేనే వద్దన్నాను. మొత్తం 29,100 రూపాయలు. తర్వాత విజయవాడ ఆటోనగర్ వెళ్లి వేరే కంపెనీ పంపు తెచ్చి వేయించాను. వినాయక చవితి పందిళ్లు, దసరా మండపాలు అన్నీ దానితోనే తిరిగాం, ఇంతవరకు చుక్క కారలేదు.

సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 18 శాతానికి తగ్గింది కాబట్టి, ఒకవేళ డబ్బులు ఇవ్వాల్సి వచ్చినా ఇప్పటి రేటే ఇస్తామని కౌంటర్‌లో అన్నారు. నేను కట్టింది 28 శాతంతో, బిల్లు మీద ఎంత ఉందో అంతే వాపసు రావాలి.

నేను కోరేది ముందుగా ఒకటే. మీ టెక్నికల్ మనిషిని పంపి ఆ పంపును నా ముందు, మా మెకానిక్ ముందు విప్పించండి. సీల్ బాగానే ఉందని తేలితే ఈ ఫిర్యాదు నేనే వెనక్కి తీసుకుంటాను, రాసి సంతకం పెట్టి ఇస్తాను. సీల్ పోయిందని తేలితే పైన రాసిన మొత్తం ఇవ్వండి, ఆ బ్యాచ్ పంపులు ఇంకెవరికీ అమ్మకుండా ఆపండి. ఇలాంటి పంపే వేసుకుని ఎవరైనా రాత్రిపూట మనుషుల్ని ఎక్కించుకుని ఘాట్ రోడ్డులో వెళ్తే ఏమవుతుందో ఆలోచించండి.

ఇది వ్యాపారానికి వాడే బండి, కన్స్యూమర్ కోర్టులో చెల్లదు అని మీ వాళ్లు ఒకరు అన్నారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం చదివించుకున్నాను. సొంతంగా పని చేసుకుని బతకడానికే వాడుకునేవాడు కూడా వినియోగదారుడే అని అందులో ఉంది. అయిదు లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు, నేనుండే జిల్లాలోనే వేసుకోవచ్చు. నాకు కోర్టుల చుట్టూ తిరిగే సరదా లేదు, కానీ ఈ లేఖ అందిన 15 రోజుల్లో ఎవరూ రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, ఒంగోలులో జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను.

కార్తీకం ముహూర్తాలు మొదలైతే నేను ఇంటి దగ్గర దొరకను, కాబట్టి ఆ లోపే రండి. పంపును కడగలేదు, తుడవలేదు, విప్పినది విప్పినట్టే మీరిచ్చిన అట్టపెట్టెలో పెట్టి బీరువాలో ఉంచాను. నా ఫోన్ నంబరు, బండి నంబరు బిల్లు మీద ఉన్నాయి. మీ మనిషి వచ్చే ముందురోజు ఒక ఫోన్ చేయిస్తే మెకానిక్‌ను కూడా పిలిపించి ఉంచుతాను.

ఇట్లు,
టెంట్ హౌస్ యజమాని,
పొదిలి మండలం, ప్రకాశం జిల్లా

జతపరిచినవి: పంపు బిల్లు, కూలెంట్ బిల్లు, లేత్ షాపు రసీదు, బాడుగ బండి రసీదులు, పంపు ఫొటోలు నాలుగు, ఎఫ్‌సీ కాపీ.