లెక్కల ట్యూషన్‌ను కింది తరగతి నుంచి మొదలుపెట్టనివ్వండి

సంపాదకులు గారికి,

లెక్కల్లో వెనుకబడిన పిల్లలను విడిగా కూర్చోబెట్టుకుని పాఠాలు చెప్పడం నా వృత్తి. పిల్లలకు ట్యూషన్ అవసరమా, అనవసర భారమా అని పత్రికల్లో వాదోపవాదాలు జరుగుతూనే ఉంటాయి గాని, ఆ గంటసేపూ పిల్లవాడి చేత ఏ తరగతి లెక్కలు చేయిస్తున్నారన్న ప్రశ్న ఎవరూ వేయగా నేను చూడలేదు. ట్యూషన్ ఫలించేదీ లేనిదీ చాలావరకు దాని మీదే ఆధారపడి ఉంటుందని నా అభిప్రాయం.

తొమ్మిదో తరగతి విద్యార్థిని తీసుకువచ్చే తల్లిదండ్రులు తొమ్మిదో తరగతి పాఠాలే చెప్పమంటారు. అది సహజమే, బడిలో జరుగుతున్నదీ, పరీక్షలో రాబోయేదీ అవే కదా. అయితే ఆ విద్యార్థి అడుగు తడబడిన చోటు సాధారణంగా రెండు మూడు తరగతుల కిందే ఉంటుంది. ‘3ఎక్స్ = 12’ అన్న సమీకరణం ఇస్తే 12 లోంచి 3 తీసేసి, ఎక్స్ విలువ 9 అని రాసేవారు తరచూ కనబడతారు. అటువైపు వెళితే గుర్తు మారుతుందని కంఠస్థం చేసిన సూత్రాన్ని వారు శ్రద్ధగానే పాటించారు. 3ఎక్స్ అంటే మూడుతో గుణించడమనీ, సమానం గుర్తుకు రెండు వైపులా ఒకే విలువ ఉండాలనీ మాత్రం వారి మనసుకు ఎక్కలేదు. అటువంటి వారి ముందు ‘8 + 4 = ___ + 5’ అని రాసి ఖాళీ పూరించమంటే చాలామంది 12 వేస్తారు, ఎందుకంటే చిన్న తరగతుల నుంచీ ఆ గుర్తును ‘ఇక జవాబు రాయి’ అన్న ఆదేశంగానే చదువుకుంటూ వచ్చారు. అక్కడ 7 ఎందుకు రావాలో తెలియనివారి చేత ఎన్ని సమీకరణాలు సాధన చేయించినా ఆ తప్పు గట్టిపడుతుందే తప్ప పోదు.

భిన్నాలదీ ఇదే వరస. సగానికి మూడో వంతు కలపమంటే లవాలు రెండూ, హారాలు రెండూ విడివిడిగా కూడి 2/5 అంటారు. క.సా.గు. తీసే పద్ధతిని మళ్లీ వల్లె వేయించడం సులువే, వారం తిరిగేసరికి వారు దాన్ని మరిచిపోవడమూ అంతే సులువు. దానికి బదులు, సగం పెద్దదా 2/5 పెద్దదా అని అడిగి ఊరుకోవాలి. కాసేపు గీతలు గీసుకుని సగమే పెద్దదని తేల్చుకున్నాక, సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా తక్కువ ఎలా వచ్చిందని విద్యార్థే తన జవాబును నిలదీస్తాడు. ముక్కలన్నీ ఒకే కొలతలో ఉంటే గాని కూడలేమని అతనికి తోచిన తర్వాత క.సా.గు. గురించి చెబితే అది నిలుస్తుంది. ఈలోగా తొందరపడి నోరు విప్పకుండా ఉండటమే ఈ వృత్తిలో అన్నిటికన్నా కష్టమైన పని. (పక్క గదిలోంచి వింటున్న పెద్దలకు మాత్రం ట్యూటరు ఊరికే కూర్చున్నట్టు తోచవచ్చు.)

హోంవర్క్ చేయించి పంపడం మా ట్యూటర్లకూ సుఖమే. నోటుపుస్తకం శుభ్రంగా ఉంటుంది, అందరూ సంతోషిస్తారు. కాకపోతే అందులో దస్తూరీ పిల్లవాడిది, ఆలోచన మాది. పరీక్ష గదిలోకి దస్తూరీ ఒక్కటే వెళుతుంది.

విడిగా చెప్పిస్తే చాలు, చదువు దానంతట అదే వస్తుందనుకునేవారు అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ 1984లో ప్రకటించిన ఫలితాలను ఉదహరిస్తుంటారు. అలా నేర్చుకున్న సగటు విద్యార్థి, మామూలు తరగతిలో చదివినవారిలో 98 శాతం మందిని మించాడని ఆయన రాశారు. తర్వాతి పరిశోధనల్లోనూ ప్రయోజనం కనబడింది గాని అంత భారీగా కాదు. ఆ బోధనలో మధ్యమధ్య చిన్న పరీక్షలు పెట్టి, బయటపడిన లోపాన్ని దిద్దాకే ముందుకు సాగారన్న సంగతిని ఉదహరించేవారు దాటవేస్తారు. రేపటి హోంవర్క్ చుట్టూ తిరిగే ట్యూషన్‌లో ఆ దిద్దుబాటుకే వ్యవధి ఉండదు.

నిండు తరగతిలో ఒక్కొక్క తప్పు వెనక ఉన్న ఆలోచనను వెతికే తీరిక ఉపాధ్యాయులకు ఉండదని నాకు తెలుసు. దిద్దిన జవాబు పత్రాలను, కొట్టివేతలతో సహా, ఇంటికి పంపించగలిగినా చాలు. 503 లోంచి 278 తీసేసి 375 అని రాసిన పిల్లవాడు ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీశాడని ఆ కాగితం చూడగానే తెలుస్తుంది. మార్కుల జాబితాలో అది కనబడదు.

తల్లిదండ్రులు కూడా, పెద్ద తరగతి పిల్లవాడు ఆరో తరగతి భిన్నాలు చేస్తుంటే నామోషీగా భావించకుండా మొదటి కొన్ని వారాలు ఓపిక పట్టాలని కోరుతున్నాను. ఆ వ్యవధిలో వచ్చే పరీక్షలో మార్కులు పెరగకపోవచ్చు. ట్యూటరును మార్చాలా వద్దా అన్నది ఆ ఒక్క పరీక్షను చూసి తేల్చకుండా, ఇంట్లో ఏదో ఒక లెక్క చేయించి, ఒక్కో మెట్టు దగ్గరా ఇలా ఎందుకు చేశావని పిల్లవాడిని అడిగి, అతను చెప్పిన కారణాన్ని బట్టి నిర్ణయించుకోండి.

ఇట్లు,
ఒక లెక్కల ట్యూటరు